కోడి అదే, కత్తి కట్టారు

"వీడియో గేములు కూడు పెడతాయా?" అని మన ఇళ్ళల్లో పెద్దలు పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరడం మొదలై ముప్ఫయ్యేళ్ళు దాటింది. ప్రశ్న మనది, జవాబు మాత్రం దుబాయ్‌లో దొరికింది. 2016 మార్చిలో అక్కడ జరిగిన ప్రపంచ డ్రోన్ పందెంలో ఇంగ్లండు నుంచి వచ్చిన 15 ఏళ్ళ ల్యూక్ బానిస్టర్ జట్టు మొదటి బహుమతిగా రెండున్నర లక్షల డాలర్లు పట్టుకెళ్ళింది. కుర్రాడు చేసిన పనల్లా కళ్ళకు గాగుల్స్ బిగించుకుని, కుర్చీలో కూర్చుని, రెండు బొటనవేళ్ళు ఆడించడం. కూడు పెట్టడమేం ఖర్మ, విందే పెట్టింది. రెండేళ్ళ తర్వాత చైనాలోని షెన్‌జెన్‌లో అంతర్జాతీయ ఏరోనాటిక్ సమాఖ్య తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ పెడితే ఆస్ట్రేలియా కుర్రాడు రూడీ బ్రౌనింగ్ గెలిచాడు. వయసు? మళ్ళీ 15.

పదో తరగతి గైడు పట్టుకోవాల్సిన వయసులో ప్రపంచాన్ని గెలుస్తున్న పిల్లల్ని చూసి లోకం మురిసిపోయింది. ఆ గుంపులో ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టకుండా చిట్టా రాసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఒంటి మీద యూనిఫాం ఉంది. అమెరికాలో డ్రోన్ రేసింగ్ లీగ్ అనే కంపెనీ రంగురంగుల దీపాల మధ్య డ్రోన్లను ఉరికించి ఆ సరదాను టీవీలకు అమ్మేది. దాని స్పాన్సర్లలో చేతిగడియారాల వాళ్ళుండేవారు, కార్ల వాళ్ళుండేవారు, వాళ్ళ పక్కనే అమెరికా వైమానిక దళమూ ఉండేది. 2019లో అదే లీగుతో చేతులు కలిపి, మనిషి చెయ్యి తగలకుండా తనంతట తాను పందెం గెలిచే డ్రోన్‌కు 10 లక్షల డాలర్ల బహుమతి పెట్టింది లాక్‌హీడ్ మార్టిన్. ఎఫ్-35 యుద్ధ విమానాలు చేసే కంపెనీ అది. ఊరికే పిల్లలకు పప్పుబెల్లాలు పంచే అలవాటు ఆయుధ వ్యాపారులకు ఏ దేశంలోనూ లేదు.

ఇంతకీ ఆ ఆటవస్తువును ఒకసారి బల్ల మీద పెట్టి దగ్గరగా చూద్దాం. అరచేతి కన్నా కాస్త పెద్ద కార్బన్ ఫైబర్ చట్రం. నాలుగు మూలలా నాలుగు మోటార్లు, ఒక్కోదానికి ఐదంగుళాల మూడు రెక్కల ప్రొపెల్లర్. నడి వీపున వెల్‌క్రో పట్టీతో బిగించిన లిథియం పాలిమర్ బ్యాటరీ, దాని కొసన పసుప్పచ్చ ప్లగ్గు. ముందువైపు గోరంత లెన్సు, అది ఎప్పుడూ ఆకాశం కేసి తలెత్తుకుని ఉంటుంది. గర్వం కాదు. దూకేటప్పుడు డ్రోన్ ముక్కు నేలకు వంగిపోతుంది, అప్పుడైనా ఎదర ఏముందో కనబడాలని ఆ ఏర్పాటు. అన్నీ కలిపి తూస్తే ఆరేడు వందల గ్రాములు. మోటార్లు నిమిషానికి 30 వేల చుట్లు దాటతాయి. ఆగిన చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఎగరేసేవాడు దాని కంటితోనే చూస్తాడు కాబట్టి ఎఫ్‌పీవీ డ్రోన్ అని పేరు.

పెళ్ళి వీడియో తీసే డ్రోన్ పెద్దమనిషి తరహా. చెయ్యి తీసేస్తే గాలిలో ఉన్నచోటే నిలబడుతుంది, గోడ అడ్డొస్తే ఆగుతుంది, బ్యాటరీ అయిపోవస్తే బుద్ధిగా ఇంటికొస్తుంది. పందెపు డ్రోన్‌కు ఈ మర్యాదలేవీ లేవు. దాన్లో జీపీఎస్ ఉండదు, అడ్డం చూసి ఆగే తెలివి ఉండదు. ఎటు వంచితే అటు పోతుంది, పోయి గుద్దుకుంటుంది. రేసర్ బల్ల మీద మెలి తిరిగిన ప్రొపెల్లర్ల గుట్ట, సోల్డరింగ్ పొగ, ఉబ్బిపోయిన ఒకటో రెండో బ్యాటరీలు ఎప్పుడూ ఉంటాయి. దెబ్బతిన్న బ్యాటరీ ఛార్జింగ్‌లో అంటుకుంటే ఇల్లే పోతుంది, అందుకని మంటకు తట్టుకునే సంచీలో పెట్టి ఛార్జి చేస్తారు. ఇంతా చేసి ఒక పందెం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. వేగం పిచ్చి మాత్రం అవదు. దక్షిణాఫ్రికాలో ఒక తండ్రీ కొడుకూ ఇంట్లో చేసిన డ్రోన్ 2024లో గంటకు 480 కిలోమీటర్లు దాటి గిన్నిస్‌కెక్కింది. మన వందే భారత్‌కు పట్టాల మీద అనుమతించిన గరిష్ఠ వేగానికి అది మూడింతలు. తర్వాత ఆ రికార్డూ నిలవలేదు.

ప్రమాదాల సంగతంటారా, మొదట్లో అవి కూడా సరదాగానే ఉండేవి. 2015లో మెక్సికోలోని టిహువానాలో గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ కచేరీ మధ్యలో డ్రోన్‌ను చేత్తో పట్టుకోబోయి వేళ్ళు కోయించుకున్నాడు. కారుతున్న నెత్తురుతోనే చొక్కా మీద గుండె బొమ్మ గీసుకుని పాట కొనసాగించాడు. అభిమానం మరి. అదే ఏడాది డిసెంబరులో ఇటలీలో స్కీయింగ్ చాంపియన్ మార్సెల్ హిర్షర్ మంచులో జారుతూ వెళ్తుంటే సరిగ్గా ఆయన వెనక కెమెరా డ్రోన్ ధడేల్మని కూలింది. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే పతకానికి బదులు పటం కట్టాల్సి వచ్చేది. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్ కనబడిందన్న కబురుకే దాదాపు వెయ్యి విమానాలు ఆగాయి, లక్షా నలభై వేల మంది ప్రయాణికులు క్రిస్మస్ ముందు నేల మీద పడుకున్నారు. పోలీసులు ఒక జంటను పట్టుకుని, వాళ్ళు కాదని తెలిసి వదిలేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం ఎద్దేవా చేస్తాం. గాట్విక్‌లో ఎలుక కూడా దొరకలేదు. లాస్ ఏంజెలెస్‌లో 2025 జనవరిలో మాత్రం దొరికింది. ఊరు తగలబడుతుంటే ఒక మహానుభావుడు మంటలు ఎలా ఉన్నాయో చూద్దామని డ్రోన్ పంపాడు. అది మంటలార్పే విమానం రెక్కకు చిల్లు పెట్టింది, ఆ విమానం కొన్ని రోజుల పాటు మూలన పడింది.

అంతా అల్లరే అనుకున్నాం. అసలు కథ వేరే బరిలో నడిచింది.

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరి చూసినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. బాదం పప్పులు పెట్టి పెంచినంత కాలం పుంజు ముద్దుగానే ఉంటుంది. పిల్లలు ఎత్తుకుని వీధంతా తిప్పుతారు. కాలికి కత్తి కట్టి వదిలినప్పుడు మాత్రం పెంచినవాడే నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తి వచ్చాక యుక్రెయిన్‌లో జరిగింది ఇదే. కోడి అదే. పందెపు మోటార్లు, పందెపు రేడియో, పందెపు గాగుల్స్. ఐదంగుళాల రెక్కలు ఏడుకీ పదికీ పెరిగాయంతే. కత్తి ఏమిటంటే ట్యాంకుల మీదికి విసిరే ఆర్‌పీజీ రాకెట్ తల. దాన్ని ప్లాస్టిక్ జిప్ టైలతో, ఎలక్ట్రికల్ టేపుతో చట్రానికి కట్టారు. మొత్తం ఖర్చు నాలుగైదు వందల డాలర్లు, మన లెక్కలో ఓ మధ్యరకం ఫోను ధర. దాని దెబ్బకు పేలిపోయే ట్యాంకు ఖరీదు కోట్లలో ఉంటుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే మాట పుట్టించిన పెద్దలు, బ్రహ్మాస్త్రం మీద పిచ్చుకను ప్రయోగించే రోజు వస్తుందని ఊహించి ఉండరు.

తోపులకు గుళ్ళు కరువైన దేశం చేతికందిన దానితో కొట్టుకుంది, దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. ఏడాదిలో 10 లక్షల డ్రోన్లు చేస్తామని అధ్యక్షుడు జెలెన్‌స్కీ 2023 చివర్లో ప్రకటించాడు, 2024లో అంతకు మించే చేశారు. రష్యా ఊరుకుంటుందా, అదీ అంతే మొదలుపెట్టింది. ఇద్దరి మోటార్లూ ఎక్కువభాగం చైనా బజార్లవే. అటు చంపేదానికీ ఇటు చంపేదానికీ ఒకే కొట్టువాడు బిల్లు రాశాడు. బేరం దగ్గర శత్రుత్వాలు చూడనివాడే నికార్సయిన వ్యాపారి.

ఇక పాయింట్ల సంగతి. ఆటన్నాక పాయింట్లుండాలి కదా. యుక్రెయిన్ ప్రభుత్వం తన డ్రోన్ దళాలకు పాయింట్ల పథకం పెట్టింది. శత్రువును కొట్టిన వీడియో అప్‌లోడ్ చెయ్యాలి, పైవాళ్ళు చూసి ఖాయం చేస్తే ఖాతాలో పాయింట్లు పడతాయి. 2025లో బయటికొచ్చిన ధరల పట్టీ ప్రకారం ట్యాంకును ధ్వంసం చేస్తే 40. సైనికుణ్ణి చంపితే 6, తర్వాత దాన్ని 12 చేశారు. ఆ పాయింట్లతో ఆన్‌లైన్ అంగట్లో కొత్త డ్రోన్లు కొనుక్కోవచ్చు. ఎక్కువ చంపిన దళానికి ఎక్కువ సరుకు అందుతుంది, ఏది పనికొస్తోందో లెక్క తెలుస్తుంది, అంతా పారదర్శకం. మన రేషన్ షాపులో కూడా ఇంత పద్ధతిగా సరుకు అందదు. ఒక మనిషి ప్రాణం ఆరు నుంచి పన్నెండుకు పెరిగిన రోజున, మార్కెట్ భాషలో చెప్పాలంటే, గిరాకీ పెరిగింది. వీడియో గేములు కూడు పెడతాయా అని అడిగిన తాతయ్యలు ఇప్పుడు నోరు మూసుకోవాలి. గేములాడిన వేళ్ళు ఎక్కడున్నాయా అని సైన్యాలే వెతుక్కుంటున్నాయి.

ఆ వీడియోలు అప్‌లోడ్ అయి అక్కడే ఆగితే బాగుండును. ఆగవు. నాలుగు గంటల్లో మన గుంటూరుకీ కరీంనగర్‌కీ వచ్చేస్తాయి. రాత్రి తొమ్మిదింటికి, మీరు పప్పన్నం కలుపుకుంటున్న వేళ, టీవీ తెర మీద ఒక బురద కాలవ కనబడుతుంది. ఆకుల్లేని చెట్లు. డ్రోన్ కన్ను కిందికి దిగుతుంది. కాలవలో ఒక మనిషి. హెల్మెట్ పక్కకు జారి ఉంటుంది. మోత వినబడి తల పైకెత్తుతాడు. పరుగెత్తాలా పడుకోవాలా తేల్చుకోలేని ముఖం. చివరికి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, ఎదురెండ కొట్టినప్పుడు మనం పెట్టుకునే పద్ధతిలోనే. అంతే, తెర నిండా బూడిదరంగు చుక్కలు. బొమ్మ పోయింది. ఆ పక్క సెకన్లో ఏమైందో చూపడానికి కెమెరా మిగలదు, డ్రోన్‌తో పాటే అదీ పేలుతుంది కాబట్టి. చూసేవాడి చేతికి నెత్తురంటదు.

ఈ చుక్కల మీద మన చానళ్ళవాళ్ళు డప్పుల మోత కలుపుతారు. ఎర్రటి అక్షరాల్లో "ఊచకోత" అని వేస్తారు. యాంకర్ బాబు కళ్ళింతలు చేసుకుని, "చూశారుగా, ఒక్క దెబ్బకు ఎలా లేపేసిందో!" అని మురుస్తాడు. బాలయ్య బాబు తొడ కొట్టినప్పుడు వేసే సంగీతానికీ దీనికీ తేడా ఉండదు. ఆ తర్వాత పళ్ళపొడి ప్రకటన. రష్యా వాడో, యుక్రెయిన్ వాడో, చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడికి ఏ ఊరో ఎవరూ అడగరు. పోయినవాడు ఆటలో అరటిపండు. లెక్కకు ఉంటాడు, లెక్కలోకి రాడు.

యుద్ధంలో సైనికులు చస్తారు, దానికే కదా వెళ్ళింది అనేవాళ్ళుంటారు. సరే, ఖెర్సన్ సంగతి చూద్దాం. ద్నీపర్ నదికి ఇటు ఒడ్డున ఉన్న ఆ యుక్రెయిన్ నగరంలో అటు ఒడ్డు నుంచి వచ్చే రష్యా డ్రోన్లు కూరగాయలకు వెళ్ళే ముసలమ్మను వెంటాడతాయి, సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి వెంటాడతాయి, బస్సును, అంబులెన్సును వెంటాడతాయి. స్థానికులు దానికి మనుషుల సఫారీ అని పేరు పెట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ 2025 మేలో ఈ దాడులను మానవాళిపై నేరంగా తేల్చింది. ఇక్కడ ఒక్కమాట గమనించండి. ఆకాశంలో ఎక్కడో ఎత్తు నుంచి బాంబు వేసినవాడు కింద ఎవరున్నారో కనబడలేదని బొంకవచ్చు. ఎఫ్‌పీవీ నడిపేవాడికి ఆ బొంకు కూడా లేదు. ముసలమ్మ చేతిలో సంచీ రంగుతో సహా కనబడుతుంది. కనబడే కొడతాడు.

దీనికి విరుగుడు ఏమిటంటే చేపల వల. నిజమే చెబుతున్నాను. ఫ్రాన్స్, డెన్మార్క్ జాలర్లు వాడి పడేసిన వలలు పంపితే యుక్రెయిన్ రోడ్ల మీద కిలోమీటర్ల కొద్దీ పందిళ్ళు వేశారు, డ్రోన్ రెక్క వాటిలో చిక్కుకోవాలని. రేడియో సిగ్నల్‌ను చెడగొట్టే యంత్రాలు పెడితే, అవతలివాళ్ళు రేడియోనే మానేసి డ్రోన్ తోకకు ఫైబర్ తీగ కట్టారు. పది, ఇరవై కిలోమీటర్ల తీగ చుట్ట విప్పుకుంటూ ఎగురుతుంది. మన వీధిలో ఇంటర్నెట్ తెచ్చే ఆ సన్నటి గాజు పోగే. ఇక్కడ కొమ్మ తగిలితే తెగిపోయి రెండ్రోజులు రాని తీగ, అక్కడ చంపే పని మీద వెళ్ళేటప్పుడు మాత్రం ఇరవై కిలోమీటర్లు తెగదు. పొలాల మీద ఆ పోగులు ఎండలో మెరుస్తూ పడి ఉంటాయి. రేపు ఆ చేలో దుక్కి దున్నేవాడి పాట్లు ఏ పాయింట్ల పట్టీలోనూ లేవు.

వేగం మంచికి పనికిరాదని నేననడం లేదు. ఊళ్ళ మీద పడే రష్యా షాహెద్ డ్రోన్లను నలభై లక్షల డాలర్ల పేట్రియట్ క్షిపణులతో కూల్చలేక, యుక్రెయిన్ వాళ్ళు గంటకు 300 కిలోమీటర్లు దాటే వేటాడే డ్రోన్లు చేసుకున్నారు, రెండు మూడు వేల డాలర్లలో. పందెపు బుర్రలే ఆ పని చేశాయి. ఎన్నో అపార్ట్‌మెంట్లు ఆ వేగం పుణ్యాన నిలబడ్డాయి. స్వీడన్‌లో 2021 డిసెంబరులో 71 ఏళ్ళాయన గుండె ఆగి ఇంటి ముందు పడిపోతే డ్రోన్ మూడు నిమిషాల్లో షాక్ ఇచ్చే యంత్రాన్ని తెచ్చింది, ఆయన బతికాడు. అదే ఏడాది మన వికారాబాద్ అడవుల మీదుగా మందులు పంపి చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగినప్పుడు పడవ పోలేని సందుల్లో డాబాల మీదికి అన్నం పొట్లాలు, మంచినీళ్ళు దింపింది డ్రోనే. అందుకు దండం పెట్టాలి.

దండం పెట్టి ఊరుకున్నామా? నెలన్నర తిరిగేసరికి, అక్టోబరు 22న, అదే విజయవాడలో పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఎగరేసి అయిదు గిన్నిస్ రికార్డులు కొట్టాం. ఆకాశంలో అతిపెద్ద విమానం బొమ్మ, అతిపెద్ద జెండా బొమ్మ. జనం కృష్ణ ఒడ్డున నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నాకూ అసూయ లేదు, బొమ్మలు బాగున్నాయి. కాకపోతే ఓర్వకల్లులో 300 ఎకరాల డ్రోన్ సిటీ గురించి చెప్పిన నోళ్ళు, అక్కడ తయారయ్యేవి ఎటు ఎగురుతాయో చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

మన దగ్గర డ్రోన్ ప్రస్తుతానికి మందుబాబుల పాలిట యముడు. పోలీసువారు తోటల మీదికి డ్రోన్ పంపుతారు. కింద పేకాట, నాటు కోడి వేపుడు, సీసా. రెక్కల మోత వినబడగానే లుంగీలు ఎగ్గట్టి జొన్న చేలో పడి ఉరుకుతారు. ఆ వీడియోకు కామెడీ పాట కలిపి వదులుతారు, రాష్ట్రం నవ్వుతుంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక సంగతి గమనించాను. పై నుంచి కన్ను వెంటాడటం, కింద మనిషి దిక్కుతోచక పరుగెత్తడం, దానికి సంగీతం, దానికి ప్రేక్షకులు. ఖెర్సన్ వీడియోకూ దీనికీ కత్తి ఒక్కటే తేడా.

కత్తి మనకు రాదులే అని నిబ్బరంగా ఉన్నవాళ్ళకు రెండు మూడు తేదీలు. 2021 జూన్ 27న జమ్ము వైమానిక స్థావరం మీద డ్రోన్లు బాంబులు వేశాయి. 2024 సెప్టెంబరు 1న మణిపూర్‌లోని కౌత్రుక్ గ్రామం మీద డ్రోన్లతో బాంబులు పడ్డాయి. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ మూడు నాలుగు వందల డ్రోన్లు 36 చోట్లకు పంపిందని మన సైన్యమే చెప్పింది. ఆ తర్వాత మూడు వారాలకే, జూన్ 1న, యుక్రెయిన్ 117 డ్రోన్లను లారీల మీద చెక్క గదుల్లో దాచి రష్యా లోపలికి వేల కిలోమీటర్లు తోలి, కప్పులు రిమోట్‌తో తెరిచి, బాంబర్ విమానాలను తగలబెట్టింది. లారీ నడిపినవాళ్ళకే లోపల ఏముందో తెలియదన్నారు. మన చెక్‌పోస్టుల్లో లారీ ఆపేది కప్పు విప్పి చూడటానికి కాదన్న సంగతి మన లారీ డ్రైవర్లందరికీ తెలుసు.

మనవాళ్ళూ ఊరుకోలేదు. హైదరాబాద్‌లోని బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు హాస్టల్ గదిలో గంటకు 300 కిలోమీటర్ల ఆత్మాహుతి డ్రోన్లు చేసి సైన్యానికి అమ్మారు. కుర్రాళ్ళ తెలివికి వంక పెట్టను. సరిహద్దులో నిలబడ్డవాడికి ఆయుధం కావాలి, అదీ మన ఊళ్ళో చేసిందే కావాలి. ఎందుకంటే "స్వదేశీ" అని మువ్వన్నెల స్టిక్కర్ అంటించినవన్నీ స్వదేశీ కావు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు, విడి భాగాలను మాత్రం రానిచ్చారు. కోడిని రానివ్వం, కాళ్ళూ రెక్కలూ వేరువేరుగా వస్తే అభ్యంతరం లేదు. చివరికి 2025 ఫిబ్రవరిలో రక్షణ శాఖ లోపల చైనా భాగాలున్నాయని 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసుకుంది. స్టిక్కర్ మాత్రం దేశవాళీదే.

మనిషి చెయ్యి ఉన్నంతవరకూ కనీసం తిట్టడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ ముచ్చటా తీరిపోతోంది. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళ కృత్రిమ మేధ డ్రోన్ స్విఫ్ట్ మనుషుల్లో చాంపియన్లను ఓడించిందని 2023 ఆగస్టులో నేచర్ పత్రిక అచ్చేసింది. 2025 ఏప్రిల్‌లో అబుదాబి పందెంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం డ్రోన్ కూడా అదే పని చేసింది. 15 ఏళ్ళ వేళ్ళు కూడా ఇక ఆటలో అరటిపళ్ళే. యుద్ధంలోనైతే ఆఖరి కొన్ని వందల మీటర్లు గురిని తానే పట్టుకుని వెళ్ళే చిప్పులు ఇప్పటికే వచ్చాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషిని చూసి ఎవరికైనా వేలు వణికే అవకాశం ఉంటే గింటే ఆ కొద్ది దూరంలోనే ఉండేది.

ఇంతకీ ఈ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? రచ్చబండ మీద పంచాయితీ పెట్టి అందర్నీ పిలిచామనుకోండి.

మోటార్ల షావుకారు లేచి, "అయ్యా, నేను మోటారు చేస్తాను. మిక్సీలోనూ మోటారే ఉంటుంది" అంటాడు.

డ్రోన్‌ను నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ తరఫున ఒకడు లేచి, "మేం పందేల కోసం ఊరికే రాసిచ్చాం బాబాయ్. ఏ హామీ లేదని లైసెన్సులోనే ఉంది, చదువుకోండి" అంటాడు.

లీగు యజమాని, "నేను టికెట్లమ్మాను, బాంబులమ్మానా?" అని నొచ్చుకుంటాడు.

సేనాపతి, "అవతలివాడు ముందు మొదలెట్టాడు" అంటాడు. ఒక్కోసారి ఆ మాట నిజం కూడా.

చానలు బాబు, "జనం చూస్తున్నారండీ, నేను చూపిస్తున్నాను" అని మన మీదికి నెడతాడు.

పెద్దమనిషి కండువా దులుపుకుని తీర్పు చెబుతాడు: "అయితే కింద నిలబడ్డవాడిదే తప్పు."

ఆ తీర్పు మన చట్టానికీ నచ్చినట్టుంది. 2021 ఆగస్టులో కొత్త డ్రోన్ నిబంధనలు తెచ్చి, ఉన్న 25 ఫారాలను 5 చేశాం, 72 రకాల ఫీజులను 4 చేశాం అని ఢిల్లీ చాటింపు వేసింది. వ్యాపారానికి మేలే, కాదనను. కానీ అనుమతి లేకుండా డ్రోన్ అసలు లేవకుండా చేసే ఏర్పాటు, అది ఎక్కడుందో క్షణక్షణం చెప్పే బీకన్, గీత దాటకుండా ఆపే జియో ఫెన్సింగ్, ఈ మూడింటినీ భవిష్యత్తులో తప్పనిసరి చేయవచ్చు అని రాశారు. ఫారాలు ఇవాళ తగ్గాయి, కాపలా రేపటికి వాయిదా పడింది. అయినా ఇంట్లో సోల్డరింగ్ చేసుకున్న పందెపు డ్రోన్‌కు ఏ గీతా తెలియదు, దానికి జీపీఎస్సే లేదు కదా.

శాసనసభల్లో కూర్చునే మా ప్రజాప్రతినిధులకు ఒక విన్నపం. ఈసారి డ్రోన్ సదస్సుకు పిలిస్తే తప్పక వెళ్ళండి, శాలువా కప్పించుకోండి, ఆకాశంలో మీ నాయకుడి బొమ్మ వస్తే చప్పట్లు కొట్టండి. భోజనాల ముందు మాత్రం లేచి ఇవి అడగండి. మన జాతరలకూ, బజార్లకూ, ఆస్పత్రులకూ పైనుంచి వచ్చేదాన్ని చూసే కన్ను ఎవరి దగ్గరుంది? వీఐపీ సభకు పెట్టే జామర్ సంతకు ఎందుకు రాదు? పోలీసు డ్రోన్ తీసిన మనిషి ముఖాన్ని పాట కలిపి వదిలే అధికారం ఎవరిచ్చారు? జవాబు రాకపోతే భోజనం మానేయండి, ఒక్క పూటకు ఏం కాదు.

వెళ్ళేముందు ఈ రెండు అంకెలు జేబులో పెట్టుకోండి. ట్యాంకును పేల్చే ఎఫ్‌పీవీ డ్రోన్‌ను మన సైన్యమే చండీగఢ్‌లోని ప్రయోగశాలతో కలిసి తయారు చేసుకుంది, ఒక్కోదానికి అయిన ఖర్చు లక్షా నలభై వేల రూపాయలు. మన డ్రోన్ నిబంధనలను ఉల్లంఘించినవాడికి వేయగలిగిన గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు.